మీ మెయిల్‌కు ‘రేపు రా’ అన్నదెవరు?

మీ అమ్మనో అమ్మమ్మనో అడిగి చూడండి. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద బొగ్గుతోనో సుద్దతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి ఉండేది. రాత్రిళ్లు ఓ దయ్యం వచ్చి తలుపు కొడుతుందనీ, ఆ రాత చదువుకుని వెనక్కి పోతుందనీ, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకుని పోతుందనీ నమ్మేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ మీరు ఉద్యోగం కోసం పంపే రెజ్యూమెకూ, మీకు రావాల్సిన ఓటీపీకీ కొన్నిచోట్ల ఇదే జరుగుతోంది. అవతలి మెయిల్ సర్వర్ తన తలుపు మీద ‘కాసేపాగి రా’ అని రాసిపెట్టుకుంటుంది. సాంకేతిక భాషలో దీని పేరు గ్రేలిస్టింగ్. తేడా ఒక్కటే. ఇక్కడ చెప్పిన టైముకు మళ్లీ వచ్చినవాళ్లను లోపలికి రానిస్తారు. మళ్లీ రానివాళ్లే దయ్యాలు.

ఒక సంగతి ఊహించుకోండి. మీరు చింతలపూడిలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నారు. ఓ కంపెనీ ఆఫ్ క్యాంపస్ డ్రైవ్ పెట్టింది. రిజిస్ట్రేషన్‌కు కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీయే వాడాలన్నారు. బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని వివరాలన్నీ నింపారు. ‘మీ మెయిల్‌కు ఓటీపీ పంపాం, 10 నిమిషాలు మాత్రమే చెల్లుతుంది’ అని తెర మీద వచ్చింది. మీరు ఇన్‌బాక్స్ తెరిచి చూస్తుంటారు. ఏమీ రాదు. స్పామ్ చూస్తారు. అక్కడా లేదు. మళ్లీ పంపమని నొక్కుతారు, మళ్లీ నొక్కుతారు. అరగంట తర్వాత మూడు ఓటీపీలూ ఒకేసారి దిగుతాయి. మూడింటికీ గడువు అయిపోయి ఉంటుంది. ‘నెట్ స్లో’ అనుకుని ఇంటికొచ్చేస్తారు. నెట్ స్లో కాదు. మీ కాలేజీ మెయిల్ సర్వర్లో ఎవరో ఒక గడిలో 30 అనే అంకె ఉంచేశారు, అంతే.

ఈ వ్యాసం ఆ గడి గురించి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఇదెందుకు అంటారేమో. రెండు కారణాలు. ఒకటి, స్పామ్ ఫిల్టర్లు ఎంత కటువుగా ఉంటే ఆ నష్టం అంతగా కొత్తవాళ్ల మీదే పడుతుంది. పాత కస్టమర్ మెయిల్, బాస్ మెయిల్, రోజూ వచ్చే బ్యాంకు మెయిల్ ఎప్పుడూ ఆగవు. సర్వర్‌కు వాళ్లు తెలుసు. ఉద్యోగం అడిగేవాడు మాత్రం ప్రతి సర్వర్‌కూ కొత్త ముఖమే. రెండోది, ఆ గడిలో ఎంత అంకె ఉండాలో తెలిసినవాళ్లు చిన్న ఆఫీసుల్లో చాలా తక్కువమంది. అంటే అది మీకు పనికొచ్చే పని.

ఇప్పుడే ఎందుకింత గట్టిగా?

రెండేళ్లలో మెయిల్ ప్రపంచంలో తలుపులు వరసగా బిగుసుకున్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కొత్త షరతులు పెట్టాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే మూడు గుర్తింపు ఏర్పాట్లూ పెట్టుకోవాల్సిందే అని గూగుల్ చెప్పింది. స్పామ్ అని జనం నొక్కే ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదంది. రోజుకు పది మెయిళ్లు పంపే చిన్నవాళ్లు కూడా ఎస్‌పీఎఫ్, డీకేఐఎంలలో కనీసం ఒకటి పెట్టుకోవాలి. 2025 మే 5 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా హాట్‌మెయిల్, అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు పెద్ద సంఖ్యలో పంపేవాళ్ల మీద ఇలాంటి నిబంధనలే తెచ్చింది. పాటించనివాళ్ల మెయిళ్లను తలుపు దగ్గరే తిప్పి పంపడం మొదలుపెట్టింది. అదే ఏడాది అక్టోబరు 14తో ఎక్స్ఛేంజ్ సర్వర్ 2016, 2019 వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. సొంత విండోస్ మెషిన్ మీద మెయిల్ నడుపుకుంటున్న ఆఫీసులన్నీ కొత్త సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు మారాలా, క్లౌడ్‌కు పోవాలా, ఏదైనా ఉచిత సర్వర్ చూసుకోవాలా అన్న ఆలోచనలో పడ్డాయి.

ఫోన్ కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌లకు మన దేశంలో ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలున్నాయి. అనవసర ఈమెయిళ్ల కోసమే రాసిన చట్టం మాత్రం మన దగ్గర లేదు. అమెరికాలో 2003లోనే అలాంటిది వచ్చింది. కాబట్టి మన మెయిల్ పెట్టెకు ఏది రావాలి, ఏది ఆగాలి అన్నది చివరికి సర్వర్ చూసుకునే మనిషి చేతిలోనే ఉంటుంది.

మూడంకెల భాష

ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కు మెయిల్ ఇచ్చేటప్పుడు జరిగే సంభాషణ చాలా పొదుపుగా ఉంటుంది. పంపేవాడు తన పేరు చెప్తాడు, ఎవరి నుంచి, ఎవరికి అని చెప్తాడు. తీసుకునేవాడు ప్రతి మాటకూ మూడంకెల జవాబిస్తాడు. 2తో మొదలైతే ‘సరే, తీసుకున్నాను’. 5తో మొదలైతే ‘వద్దు, ఇంక రాకు’. 4తో మొదలైతే ‘ఇప్పుడు కాదు, మళ్లీ రా’. ఈ నాలుగో అంకెను అసలు పెట్టింది డిస్క్ నిండిపోయినప్పుడో, సర్వర్ మీద పని ఎక్కువైనప్పుడో చెప్పడానికి. 2003లో ఎవాన్ హారిస్ అనే ప్రోగ్రామర్ దీన్ని స్పామ్ మీదికి తిప్పాడు. ఆయన లెక్క తేలికైనది. లక్షల మెయిళ్లు గుమ్మరించే స్పామర్‌కు వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నించే ఓపిక ఉండదు. నిజమైన మెయిల్ సర్వర్ మాత్రం క్యూలో పెట్టుకుని మళ్లీ వస్తుంది. అలా రావడం దాని ధర్మం. ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం పంపే సర్వర్ కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నిస్తూనే ఉండాలి.

గ్రేలిస్టింగ్ పెట్టిన సర్వర్ మూడు విషయాలు కలిపి రాసిపెట్టుకుంటుంది. ఏ ఐపీ నుంచి వచ్చింది, పంపినవాళ్ల చిరునామా ఏది, ఎవరికి వచ్చింది. ఈ మూడూ కలిసి మొదటిసారి కనబడితే 451 అంటుంది. చెప్పిన గడువు దాటాక అదే మూడూ మళ్లీ కనబడితే లోపలికి తీసుకుని, కొన్ని రోజులు గుర్తుపెట్టుకుంటుంది. హారిస్ మొదట చెప్పిన లెక్కలో ఆ జ్ఞాపకం 36 రోజులు. నెలకోసారి, అదీ ‘మొదటి సోమవారం’ లాంటి లెక్కన వచ్చే మెయిల్ కూడా మళ్లీ కొత్తదైపోకూడదని ఆ అంకె.

విండోస్ మీద నడిచే ఉచిత మెయిల్ సర్వర్ హెచ్‌మెయిల్‌సర్వర్‌లో ఇదంతా ఒక చిన్న పేజీ. అడ్మినిస్ట్రేటర్ తెరిచి, సెట్టింగ్స్‌లో యాంటీ స్పామ్ కిందకు వెళ్తే గ్రేలిస్టింగ్ కనిపిస్తుంది. టిక్ పెట్టగానే మూడు గడులు. ఎన్ని నిమిషాలు ఆపాలి అన్నచోట ముందే 30 ఉంటుంది. మళ్లీ రానివాళ్ల వివరాలు ఎన్ని రోజులకు తీసేయాలి అన్నచోట 1. వచ్చి వెళ్తున్నవాళ్లను ఎన్ని రోజులు గుర్తుంచుకోవాలి అన్నచోట హారిస్ గారి 36. చాలామంది టిక్ పెట్టి సేవ్ కొట్టి టీకి వెళ్లిపోతారు.

ఆ 30తో ఏమవుతుందో లెక్కేద్దాం. ఉదయం 10.02కు మీ ఓటీపీ వచ్చింది, సర్వర్ 451 అంది. పంపిన సర్వర్ 5 నిమిషాలాగి 10.07కు వచ్చింది. ఇంకా టైమవలేదు, మళ్లీ 451. పావుగంట ఆగి 10.22కు వచ్చింది, మళ్లీ అదే మాట. ఇంకో అరగంటకు, 10.52కు వస్తే అప్పుడు లోపలికి. చూడండి, ఆపింది 30 నిమిషాలే, ఆలస్యం 50 నిమిషాలు. పంపేవాళ్లు విరామం పెంచుకుంటూ పోతారు కాబట్టి ఇలా అవుతుంది. ఓటీపీ మాత్రం 10.12కే చచ్చిపోయింది.

ఇంకో చిక్కు ఉంది. పెద్ద జాబ్ పోర్టళ్లు, బల్క్‌గా మెయిళ్లు పంపే సంస్థలు కొన్ని, ప్రతి మెయిల్‌కూ తెర వెనక వేరే రిటర్న్ అడ్రస్ వాడతాయి. ఏ మెయిల్ బౌన్స్ అయిందో తెలుసుకోవడానికి ఆ ఏర్పాటు. మీకు కనిపించే పేరు ఒకటే అయినా సర్వర్‌కు ప్రతిసారీ కొత్త మనిషే. ఆ 36 రోజుల జ్ఞాపకం వాళ్ల విషయంలో ఎందుకూ పనికిరాదు. జీమెయిల్ లాంటి పెద్ద సంస్థలదీ ఇలాంటి కథే. మొదటిసారి ఒక ఐపీ నుంచి వచ్చి, రెండోసారి ఇంకో ఐపీ నుంచి రావచ్చు. మూడు వివరాల్లో ఒకటి మారింది కాబట్టి సర్వర్ మళ్లీ ‘మీరెవరండీ’ అంటుంది. మీరు జీమెయిల్ నుంచి తాడేపల్లిగూడెంలోని ఓ చిన్న కంపెనీకి రెజ్యూమె పంపితే అది గంటల తరబడి గుమ్మం బయట తిరగడానికి ఇదొక కారణం.

దీనికి మందు అదే పేజీలో ఉంది. ఎస్‌పీఎఫ్ సరిపోయినవాళ్లను గ్రేలిస్టింగ్ నుంచి వదిలేయమనే ఆప్షన్. ఎస్‌పీఎఫ్ అంటే ‘మా పేరుతో మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది’ అని డొమైన్ యజమాని డీఎన్ఎస్‌లో పెట్టే బహిరంగ ప్రకటన. జీమెయిల్, బ్యాంకులు, పెద్ద పోర్టళ్లు అన్నీ దాన్ని సరిగ్గా పెట్టుకుంటాయి. ఆ టిక్ పెడితే వాళ్లు నేరుగా లోపలికొస్తారు. గుమ్మం దగ్గర ఆగేది ఏ గుర్తింపూ లేని సర్వర్లే. నా అభిప్రాయం అడిగితే, ఆ టిక్ పెట్టకుండా గ్రేలిస్టింగ్ నడపడం కంటే అసలు గ్రేలిస్టింగ్ లేకపోవడం నయం. 30ని 5కు తగ్గించండి. దొంగ సాఫ్ట్‌వేర్ 5 నిమిషాలకూ రాదు, 30కీ రాదు.

నిజానికి గ్రేలిస్టింగ్ బలం 2003తో పోలిస్తే తగ్గింది. అప్పట్లో స్పామ్ ఎక్కువగా వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్ల నుంచి వచ్చేది. ఇప్పుడు దొంగిలించిన అసలు ఖాతాల నుంచి, అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్ల నుంచి కూడా వస్తోంది. అవి బుద్ధిగా మళ్లీ వస్తాయి. అందుకే దీన్ని మొదటి గుమ్మంగా మాత్రమే చూడాలి, తాళంగా కాదు.

పంపే వైపు సంగతి కూడా ఒకటి చెప్పాలి. హెచ్‌మెయిల్‌సర్వర్ కొత్తగా పెట్టినప్పుడు, వెళ్లని మెయిల్‌ను గంటకోసారి చొప్పున 4 సార్లు మాత్రమే మళ్లీ పంపి చూస్తుంది. అంటే నాలుగు గంటల్లో చేతులెత్తేస్తుంది. ప్రమాణం చెప్పేది నాలుగైదు రోజులు. గాలివాన వచ్చి అవతలి ఆఫీసులో సాయంత్రం నుంచి కరెంటు లేకపోతే, మీ ప్లేస్‌మెంట్ సెల్ పంపిన ఎంపిక జాబితా పొద్దున్నకల్లా బౌన్స్ అయి వెనక్కొస్తుంది. ఎవరూ ఆ బౌన్స్ చదవరు కూడా. ఆ 4ను పెంచుకోవడం పది సెకన్ల పని.

మార్కుల లెక్క

గ్రేలిస్టింగ్ దాటి లోపలికొచ్చిన మెయిల్‌కు అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. ఇది మీకు బాగా తెలిసిన విషయంలాగే ఉంటుంది, నెగెటివ్ మార్కుల పరీక్ష. పంపిన ఐపీ బ్లాక్‌లిస్టులో ఉంటే ఇన్ని మార్కులు, ఎస్‌పీఎఫ్ తప్పితే ఇన్ని, మెయిల్లో ఉన్న లింకు చెడ్డదని తెలిస్తే ఇన్ని. దీనికి తోడు స్పామ్‌అసాసిన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను జత చేస్తే అది మెయిల్లోని మాటల్నీ, నిర్మాణాన్నీ చూసి తన మార్కులు కలుపుతుంది. హెచ్‌మెయిల్‌సర్వర్‌లో మొదట ఉండే అంకెలు 5, 20. మొత్తం 5 దాటితే స్పామ్ అని ముద్ర, 20 దాటితే చెరిపేయడం. స్పామ్‌అసాసిన్ సొంత గీత కూడా 5 దగ్గరే.

ముద్ర వేయడానికీ చెరిపేయడానికీ మధ్య దూరమే ఇక్కడ అసలు సంగతి. కొల్లేటిలో వల వేసేవాళ్లను అడగండి, కన్ను చిన్నదైతే పిల్ల చేపలు కూడా పడతాయని చెప్తారు. వాళ్లకు కనీసం వలలో ఏం పడిందో కనిపిస్తుంది. చెరిపేసిన మెయిల్ అలా కాదు. ఏం పోయిందో పంపినవాడికీ తెలియదు, రావాల్సినవాడికీ తెలియదు.

ఈ మాట అనుభవంతో చెప్తున్నాను. చాలా ఏళ్ల క్రితం ఓ చిన్న ఆఫీసులో టాలీ కోసం కొన్న విండోస్ మెషిన్ మీదే మెయిల్ సర్వర్ కూడా నడిపేవాణ్ని. ప్రత్యేకంగా శిక్షణేమీ లేదు, ‘నీకు కంప్యూటర్ వచ్చు కదా’ అన్నారు, అంతే. ఓరోజు ఓనర్ గారు స్పామ్ ఎక్కువగా వస్తోందని గట్టిగా కేకలేశారు. నేను కోపంతో చెరిపేసే గీతను 20 నుంచి 6కు దించేశాను. మర్నాటి నుంచి ఇన్‌బాక్స్ అద్దంలా మెరిసింది. అందరూ మెచ్చుకున్నారు. మూడు వారాల తర్వాత ఓనర్ గారే వచ్చి, ‘పేపర్లో అకౌంటెంట్ కావాలని ప్రకటన ఇచ్చాం, ఒక్క అప్లికేషనూ రాలేదేంటి’ అన్నారు. లాగ్ తీసి చూశాను. వచ్చాయి. ఉచిత మెయిల్ ఖాతా నుంచి, సబ్జెక్ట్ లైన్ లేకుండా, ఒక్క వాక్యం కూడా రాయకుండా అటాచ్‌మెంట్ ఒక్కటే పెట్టి పంపినవి. ఒక్కో తప్పుకూ కొన్ని మార్కులు కలిసి 6 దాటాయి. లాగ్‌లో చిరునామాలే మిగిలాయి, రెజ్యూమెలు లేవు. ఆ చిరునామాలకు మళ్లీ పంపమని రాశాను. సగంమంది జవాబివ్వలేదు. ఒకబ్బాయి మాత్రం ‘మీరు పిలవలేదని హైదరాబాద్ వచ్చేశానండి’ అని రాశాడు.

అప్పటి నుంచి నేను చెరిపేసే గీత జోలికి పోను. అనుమానం వస్తే ముద్ర వేసి వేరే ఫోల్డర్లోకి పంపాలి, ఎవరో ఒకరు రోజూ ఒకసారి దాన్ని చూడాలి. ఎంత చెప్పినా ఆ రెండో పనికే మనుషులు దొరకరు.

గూగుల్ డీఎన్ఎస్‌తో వచ్చే తంటా

బ్లాక్‌లిస్టుల విషయంలో కొత్త అడ్మిన్లు పడే గొయ్యి ఒకటుంది. స్పామ్‌హాస్ అనే సంస్థ చెడ్డ ఐపీల జాబితా నడుపుతుంది. సర్వర్ డీఎన్ఎస్ ద్వారా ‘ఈ ఐపీ మంచిదేనా’ అని అడుగుతుంది. జాబితాలో ఉంటే 127.0.0.2 లాంటి జవాబొస్తుంది, లేకపోతే ఏ జవాబూ రాదు. మన కుర్రాళ్లు విండోస్ మెషిన్‌లో డీఎన్ఎస్ అడ్రస్ ఇవ్వాల్సిన చోట అలవాటుగా 8.8.8.8 కొట్టేస్తారు. అలా అందరూ వాడే ఉమ్మడి డీఎన్ఎస్ నుంచి వచ్చిన ప్రశ్నలకు స్పామ్‌హాస్ ఉచిత సేవ అసలు సమాధానం చెప్పదు. బదులుగా 127.255.255.254 అనే తప్పు సూచన పంపుతుంది. ‘127తో ఏది వచ్చినా చెడ్డదే’ అని సెట్ చేసిన సర్వర్ దాన్ని చూసి లోకంలోని ప్రతి ఐపీ చెడ్డదే అనుకుంటుంది. ఆ రోజు ఆ ఆఫీసుకు ఎవరి మెయిలూ చేరదు. మందు ఏమిటంటే, విండోస్ సర్వర్లోనే సొంత డీఎన్ఎస్ రిజాల్వర్ పెట్టుకుని, ఏ జవాబులను చెడ్డవిగా తీసుకోవాలో అంకెలతో సహా రాయడం. ఇంటర్వ్యూలో ‘ఉన్నట్టుండి మెయిళ్లన్నీ ఆగిపోయాయి, ఏం చూస్తావు’ అని అడిగితే ఈ ఒక్క ముక్క చెప్పండి, అవతలివాళ్లు తలెత్తి చూస్తారు.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మీద సర్వర్ పెట్టి బయటికి మెయిల్ పంపాలని చూసేవాళ్లకూ ఒక మాట. ఇళ్లకు ఇచ్చే ఐపీలు చాలావరకు స్పామ్‌హాస్ పాలసీ జాబితాలో ముందే ఉంటాయి. మీ తప్పేమీ లేదు, ఆ ఐపీల నుంచి నేరుగా మెయిల్ రాకూడదన్నది దాని లెక్క. నేర్చుకోవడానికి పెట్టుకోండి, ఊరందరికీ పంపడానికి కాదు.

పాస్ అయినంత మాత్రాన మంచివాడు కాదు

నకిలీ ఉద్యోగ మెయిళ్ల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ‘సెలెక్ట్ అయ్యారు, రిఫండబుల్ డిపాజిట్ కట్టండి’ అన్న మెయిల్ చూడనివాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో తక్కువే ఉంటారు. చాలామంది చెప్పే సలహా, జీమెయిల్‌లో ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ చూడమని. మంచి సలహాయే. అక్కడ ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ మూడింటి ఎదురుగా పాస్ లేక ఫెయిల్ అని ఉంటుంది. ఫెయిల్ ఉంటే పెద్ద కంపెనీ పేరుతో వచ్చిన ఆఫర్‌ను నమ్మకండి. కానీ మూడూ పాస్ అయ్యాయి కాబట్టి నిజమే అనుకోవడం పొరపాటు. ఆ పరీక్షలు చెప్పేది ఒక్కటే, మెయిల్ ఏ డొమైన్ పేరుతో వచ్చిందో నిజంగా అక్కడి నుంచే వచ్చింది అని. కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చో, చివర ‘కెరీర్స్’ అని తగిలించో దొంగ ఓ కొత్త డొమైన్ కొనుక్కుని ఈ మూడూ సరిగ్గా పెట్టుకుంటే అతనికీ పాసే వస్తుంది. ఆధార్ కార్డు అసలుదైతే మనిషి మంచివాడని కాదు కదా. అందుకే డొమైన్ పేరు అక్షరం అక్షరం చదవండి. డబ్బు కట్టేశాక తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

ఈ పని మీకు అన్నం పెడుతుందా?

సూటిగా చెప్తాను. హెచ్‌మెయిల్‌సర్వర్ ఒక్కటే తెలిస్తే ఉద్యోగం రాదు. పెద్ద కంపెనీల్లో మెయిల్ ఇప్పుడు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్, జోహో లాంటి క్లౌడ్ సేవల మీదుంది. ఎక్స్ఛేంజ్ సర్వర్లో అయితే గ్రేలిస్టింగ్ అనే గడే లేదు. అక్కడ యాంటీ స్పామ్ ఏజెంట్లను పవర్‌షెల్ స్క్రిప్టుతో విడిగా పెట్టుకోవాలి. వాటిలో మాటల్ని చూసే ఫిల్టర్‌కు మైక్రోసాఫ్ట్ 2016 నవంబరు 1 నుంచే కొత్త స్పామ్ నిర్వచనాలు ఇవ్వడం మానేసింది. అలాంటి ఆఫీసుల్లో గ్రేలిస్టింగ్ కావాలంటే ఎక్స్ఛేంజ్‌కు ముందు వేరే గేట్‌వే పెట్టుకుంటారు.

మరి నేర్చుకోవడం ఎందుకు? 451కీ 550కీ తేడా, ఎస్‌పీఎఫ్ రికార్డు చదవడం, లాగ్‌లో ఒక మెయిల్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం అన్నిచోట్లా ఒకటే. క్లౌడ్‌లో ఇవన్నీ బటన్ల వెనక దాక్కుంటాయి. సొంత సర్వర్ మీద కళ్లకు కనిపిస్తాయి. సర్వీస్ డెస్క్‌లో చేరిన ఫ్రెషర్‌కు ‘మెయిల్ రాలేదు’ అన్న టికెట్ రాకుండా ఉండదు. ‘రీస్టార్ట్ చేసి చూడండి’ అనేవాడికీ, పంపిన టైము అడిగి లాగ్ తీసేవాడికీ ఆ ఒక్క టికెట్‌తోనే తేడా తెలిసిపోతుంది.

ఈ పని కోసం మహానగరంలోనే ఉండాలన్న రూలు కూడా లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు దాదాపు 12 లక్షలమంది అధికారిక ఈమెయిళ్లను జోహో సాఫ్ట్‌వేర్ మీదికి మార్చిన సంగతి 2025 అక్టోబరులో వార్తల్లో చూసే ఉంటారు. ఆ సంస్థకు తమిళనాడులో తెన్‌కాశి దగ్గర పల్లెలో పెద్ద ఆఫీసు ఉంది. రేపే చింతలపూడిలో అలాంటిది వస్తుందని నేను చెప్పడం లేదు. కానీ ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కైకలూరు వైపు చేపలు రొయ్యల వ్యాపారం చేసే ఆఫీసుల్లో సొంత డొమైన్ ఉన్నవాళ్లను అడిగి, వాళ్ల ఎస్‌పీఎఫ్, డీమార్క్ రికార్డులు ఉన్నాయో లేదో చూడండి. చూడటానికి ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్‌తో టెక్స్ట్ రికార్డు అడిగితే చాలు. తప్పు కనిపిస్తే కాగితం మీద రాసి ఇవ్వండి. రెజ్యూమెలో ‘మెయిల్ సెక్యూరిటీ మీద ఆసక్తి’ అని రాయడం కంటే ‘రెండు సంస్థల మెయిల్ రికార్డులు సరిచేశాను’ అని రాయడం ఎంత బరువుగా ఉంటుందో మీరే చూడండి.

సాధన చేయడానికి పెద్ద ఖర్చులేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టి, 180 రోజులు ఉచితంగా ఇచ్చే విండోస్ సర్వర్ ట్రయల్ వేసుకోండి. దానిలో హెచ్‌మెయిల్‌సర్వర్, పక్కన ఇంకో చిన్న వర్చువల్ మెషిన్. రెండో దాన్నుంచి టెల్నెట్‌తో 25వ పోర్టుకు వెళ్లి చేత్తో మెయిల్ టైపు చేయండి. మొదటిసారి 451 వస్తుంది. 5 నిమిషాలాగి అదే టైపు చేస్తే 250 వస్తుంది. ఆ రెండు లైన్లూ లాగ్‌లో చూసిన రోజు గ్రేలిస్టింగ్ మీకు వచ్చినట్టే. తర్వాత పంపే చిరునామాలో ఒక్క అక్షరం మార్చి చూడండి, మళ్లీ 451.

రెజ్యూమె పంపే ముందు

మీ వైపు నుంచి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆఖరి గంటలో పంపకండి. సాయంత్రం 5 గడువైతే మధ్యాహ్నానికే పంపేస్తే గుమ్మం దగ్గర మూడు గంటలు ఆగినా లోపలికి పోతుంది. సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, మీ పేరు రాయండి. అన్నీ పెద్దక్షరాలూ, వరసగా ఆశ్చర్యార్థకాలూ వద్దు. లోపల నాలుగు వాక్యాలు రాసి, పీడీఎఫ్ ఒకటే జత చేయండి. జిప్ ఫైళ్లనూ, మాక్రోలున్న వర్డ్ ఫైళ్లనూ ఆపేసే సర్వర్లు చాలా. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో మెయిల్ 30 రోజులే ఉంటుంది, కాబట్టి వారానికి రెండుసార్లైనా దాన్ని తెరవండి. అప్లై చేసిన కంపెనీ చిరునామాను కాంటాక్ట్స్‌లో పెట్టుకోండి. కాలేజీ ఐడీతో ఓటీపీ రాకపోతే పదిసార్లు నొక్కకుండా గంటాగి ఒకసారి ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే కాలేజీలో సర్వర్ చూసే సార్ దగ్గరికి వెళ్లి, ‘సార్, ఎస్‌పీఎఫ్ పాస్ అయినవాళ్లకు గ్రేలిస్టింగ్ వదిలేసే టిక్ ఒకటుంటుంది, పెట్టారా’ అని అడగండి.

ఇంటర్వ్యూ మెయిల్ ఆలస్యంగా చేరి అవకాశం పోతే ఊరుకోకండి. ఆ మెయిల్ ఒరిజినల్ తెరిస్తే పైన ‘రిసీవ్డ్’ అనే లైన్లు వరసగా ఉంటాయి. కింది నుంచి పైకి చదవాలి. ప్రతి లైన్లోనూ ఒక సర్వర్ పేరు, అది తీసుకున్న టైము ఉంటాయి. కొన్ని మన టైములో, కొన్ని గ్రీన్‌విచ్ టైములో ఉండొచ్చు, అయిదున్నర గంటల తేడా సరిచూసుకోండి. ఏ రెండు లైన్ల మధ్య గంటలు పోయాయో కనిపిస్తుంది. దాని స్క్రీన్‌షాట్ తీసి, మెయిల్ ఎప్పుడు బయల్దేరి ఎప్పుడు చేరిందో రెండు వాక్యాల్లో రాసి హెచ్ఆర్‌కు పంపండి. ఇంకో స్లాట్ ఇస్తారో లేదో వాళ్లిష్టం. అడగడానికి మీ దగ్గర టైముతో సహా సాక్ష్యం ఉంటుంది.